థేమ్స్ ఒడ్డున వసంతం: తిరిగివచ్చిన పక్షులు, తిరిగిరాని పక్షులు

ఏప్రిల్ రెండవ వారంలో తూర్పు లండన్‌లోని ఈస్ట్ హామ్‌లో తెల్లవారగానే కిటికీ తెరిచే తెలుగు విద్యార్థికి వినిపించే మొదటి కూతల్లో ఒకటి ఏమాత్రం పరాయిది కాదు. మొక్కజొన్న కండెల మీద, పొద్దుతిరుగుడు పువ్వుల మీద వాలి రైతు చేత కేకలు వేయించే రామచిలుక అరుపే అది. పంజరాల నుంచి తప్పించుకున్నవీ, మనుషులు వదిలిపెట్టినవీ అయిన చిలుకలు 1970 ప్రాంతం నుంచి ఆగ్నేయ ఇంగ్లండులో స్వేచ్ఛగా గుడ్లు పెట్టి పిల్లలను లేపుతున్నాయి. నేడు లండన్ ఉద్యానవనాల్లో వాటి సంఖ్య వేలల్లో ఉన్నది. రాజేంద్రనగర్‌లో వ్యవసాయ పక్షిశాస్త్ర పరిశోధకులు పంటనష్టపు లెక్కల్లో రాసుకున్న పక్షే అక్కడ పెరటి గింజలబుట్టకు తలకిందులుగా వేలాడుతూ కనిపిస్తుంది.

ఈస్ట్ హామ్, ఇల్ఫర్డ్ ప్రాంతాల్లో తెలుగు విద్యార్థులూ కుటుంబాలూ చెప్పుకోదగిన సంఖ్యలో నివసిస్తున్నారు. ఈ పరిసరాలు వ్యవసాయ శాస్త్రం చదివినవారికి ప్రత్యేకంగా ఉపయోగపడేవి. ఇంటి వెనుక పెరడు, ఒకప్పుడు జీవం లేదని తేల్చిన నది, ఆ నది పరీవాహక ప్రాంతంలోని గోధుమ చేలు, ఈ మూడింటినీ ఒకే వసంతంలో చూసినవారికి ఒక వింత తేటపడుతుంది. లక్షలాది మంది మురుగును మోసిన నదికి పక్షులు తిరిగివచ్చాయి. ఒత్తుగా, పచ్చగా, ఆరోగ్యంగా కనిపించే పొలాల నుంచి వెళ్ళిపోయిన పక్షులు మాత్రం ఇంకా రాలేదు. దీని కారణాలు పక్షిశాస్త్రంలో కంటె సస్యశాస్త్రంలోనే ఎక్కువగా దొరుకుతాయి.

పెరటి నుంచి మొదలు

పక్షి పరిశీలనకు అడవి అవసరం లేదు. ప్రతిరోజూ అదే కిటికీ, అదే వేళ, అవే ఇరవై నిమిషాలు చాలు. వేళ మారితే లెక్క మారుతుంది కనుక ఈ క్రమశిక్షణే ముఖ్యం. పొలంలో పురుగుల లెక్కకు నియమితంగా వెళ్ళడం అలవాటైన విద్యార్థికి దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. నిన్న కనిపించి నేడు కనిపించని పక్షిని కూడా రాసుకోవాలి. మొదలుపెట్టినవారిలో చాలామంది విడిచిపెట్టే అంశం ఇదే.

మార్చి మధ్యకు చిఫ్‌చాఫ్ అనే చిన్న ఆకుపచ్చని పిట్ట మధ్యధరా తీరాల నుంచి వచ్చి తన పేరునే పలుకుతూ కొమ్మ చివరన కూర్చుంటుంది. ఏప్రిల్‌లో వానకోవెలలు ఆఫ్రికా దక్షిణ భాగం నుంచి చేరుకుంటాయి. ఈ జాతి పక్షులే ఆసియా ఉత్తర భాగంలో గూళ్ళు కట్టి, చలికాలంలో తెలుగు నేల మీది కరెంటు తీగలపై బారులు తీరుతాయి. వేకువకు ముందే ఇంటి కప్పుపై పాడే బ్లాక్‌బర్డ్ నల్లని ఒంటితో, పసుపు ముక్కుతో ఉంటుంది. దానిని ఒకసారి విన్నవారు మరచిపోరు.

పెరటిలో లోతుగా ఆలోచించవలసినది పిచ్చుక గురించి. లండన్‌లో 1990ల మధ్య నుంచి దాదాపు పదేళ్ళలోనే పిచ్చుకలు సగానికి పైగా తగ్గిపోయాయి. పెరళ్ళను రాతిపలకలతో కప్పివేయడం, కొత్త ఇంటికప్పుల్లో గూటికి కంత లేకపోవడం వంటి కారణాలు చెబుతారు. కాని పరిశోధకుల దృష్టికి వచ్చిన వాటిలో వ్యవసాయ విద్యార్థి గుర్తుంచుకోదగినది వేరొకటి. పెద్ద పిచ్చుక గింజలు తిని బతుకుతుంది. దాని పిల్ల మాత్రం పుట్టిన తొలిరోజుల్లో మెత్తని పురుగులు, గొంగళ్ళు, పేనుబంక వంటివి తిననిదే ఎదగదు. పెరట్లో పురుగు లేకపోతే ఎన్ని గింజలు పోసినా గూటిలోని పిల్ల బతకదు. తెలుగు ఇళ్ళ చూరులకు, దేవాలయ మండపాలకు కొత్త వరి కంకులను కుచ్చులుగా అల్లి వేలాడదీసే ఆచారం ఎంతో అందమైనది; అది పెద్ద పిచ్చుకను పోషిస్తుంది. పిల్లను పోషించేది ఆ కుచ్చు పక్కన ఉన్న పెరటిలోని చిక్కుడు పాదు, దానిమీది పేనుబంక. ఆచారం నిలిచిన ఇళ్ళలోనూ పిచ్చుక ఎందుకు పలచబడుతున్నదని అడిగేవారు చూడవలసిన మొదటి చోటు ఇదే.

లీ నది ముఖద్వారంలో

ఈస్ట్ హామ్‌కు కొద్ది దూరంలో లీ నది థేమ్స్‌లో కలుస్తుంది. ఆ కలయిక వద్ద 1806లో తెరిచిన ఈస్టిండియా రేవు ఉండేది; భారతదేశం నుంచి వచ్చిన కంపెనీ ఓడల సరుకు అక్కడ దిగేది. రేవులో చాలా భాగం పూడ్చివేతకు గురికాగా, మిగిలిన ప్రవేశకుండం ఒండ్రు మేటవేసి, రెల్లు మొలిచి, చిన్న పక్షిరక్షణ స్థలంగా మారింది. వసంతంలో అక్కడ షెల్డక్ జంటలు కనిపిస్తాయి. మన చక్రవాకానికి ఇది దగ్గరి బంధువు; రెండూ ఒకే ప్రజాతికి చెందినవి. గట్టు మీద నీటికాకి రెక్కలు చాపి ఆరబెట్టుకుంటుంది. వేసవి ముఖంలో సముద్రపు టర్న్ పిట్టలు వచ్చి చేపపిల్లలకోసం నీటిలోకి నిలువునా దూకుతాయి.

ఈ లీ నది లూటన్ వద్ద పుట్టి, హార్పెండెన్ పట్టణాన్ని ఆనుకుని ప్రవహిస్తూ వస్తుంది. హార్పెండెన్ అనగానే రోథమ్‌స్టెడ్ గుర్తురాని సస్యశాస్త్ర విద్యార్థి ఉండడు. అక్కడి బ్రాడ్‌బాక్ క్షేత్రంలో 1843 నుంచి శీతాకాలపు గోధుమ వేస్తూనే ఉన్నారు. ఎరువుల వాడకానికి పునాది వేసిన ఊరి పక్కగా పారిన నీరు టర్న్ పిట్ట దూకే చోటికి చేరుతుందన్నది ఈ కథలో తరువాత అవసరమయ్యే విషయం.

థేమ్స్ ఇక్కడ సముద్రపు ఆటుపోట్లకు లోబడిన నది. నగర మధ్యంలో పోటుకూ పాటుకూ మధ్య నీటిమట్టం సుమారు ఏడు మీటర్లు మారుతుంది. పక్షులను చూడాలనుకునేవారు గడియారం కంటె ముందు ఆటుపోట్ల పట్టిక చూసుకోవాలి. నీరు దిగి బురద బయటపడినప్పుడే ఉల్లంకులు, ఎర్రకాళ్ళ రెడ్‌షాంక్‌లు మేతకు దిగుతాయి. ఆ బురదలో మేత ఉండటమే ఒక చరిత్ర.

ముంపు మడి వంటి నది

1858 వేసవిలో థేమ్స్ దుర్గంధం పార్లమెంటు భవనపు కిటికీలకు సున్నం పూసిన తెరలు కట్టించింది. ఇంజనీరు జోసెఫ్ బాజల్జెట్ నిర్మించిన అడ్డుకాలువలు నగరపు మురుగును తూర్పున బెక్టన్, క్రాస్‌నెస్ అనే చోట్లకు మళ్ళించి అక్కడ నదిలో వదిలాయి. నగర మధ్యం బాగుపడింది. కష్టం కొన్ని మైళ్ళు కిందికి జరిగింది. 1878 సెప్టెంబరులో ప్రిన్సెస్ ఆలిస్ అనే విహారనౌక ఈ మురుగు కలిసే చోటికి సమీపంలోనే మునిగి సుమారు 650 మంది చనిపోయారు. వారు పడిన నీటి స్థితి పెద్ద చర్చకు దారితీసింది. తరువాత కొంత శుద్ధి మొదలై నది కొంతకాలం తేరుకున్నా, పెరిగిన జనాభా, యుద్ధకాలపు బాంబుల విధ్వంసం, విద్యుత్కేంద్రాల వేడినీరు, 1950లలో వచ్చిన కొత్త డిటర్జెంట్లు దానిని మునుపటి కంటె హీనస్థితికి దించాయి. 1957లో లండన్ సహజచరిత్ర మ్యూజియం పరిశీలనలో క్యూ నుంచి గ్రేవ్‌జెండ్ వరకు, అంటే నగరం పొడవునా, ఈల్ తప్ప నివాసముండే చేపలు లేవని తేలింది.

ఆ రోజుల్లో నదిలో జరిగిన రసాయన క్రియలు వరి మడిని చదివినవారికి సుపరిచితాలు. నీట ముంచిన నేలలో మొదట ఆక్సిజన్ అయిపోతుంది. తరువాత సూక్ష్మజీవులు నైట్రేటు నుంచి ఆక్సిజన్‌ను గుంజుకుంటాయి. అది నత్రజనిగా గాలిలో కలుస్తుంది. నైట్రేటు కూడా అయిపోయి, మిగిలిన మెట్లు దాటిన తరువాత సల్ఫేటు వంతు వచ్చి హైడ్రోజన్ సల్ఫైడ్ వెలువడుతుంది. మురుగునీరు పోని మడుల్లో వరివేళ్ళు నల్లబడి కుళ్ళిన గుడ్ల వాసన రావడం ఇందువల్లనే. థేమ్స్ ఒక పెద్ద మురుగు మడి అయినది. నీటిలో నైట్రేటు మిగిలి ఉన్నంతకాలం దుర్వాసన పుట్టలేదు. అది కూడా తరిగిపోయిన చోట వెండి పాత్రలూ ఓడల తెల్లరంగూ నల్లబడేవి. మాగాణి నేలలో క్షయకరణ వరుసను పరీక్షకోసం కంఠస్థం చేసే విద్యార్థికి ఇంతకంటె పెద్ద ఉదాహరణ దొరకదు.

నివారణలో మాయ ఏమీ లేదు. 1951లో నియమితమైన సంఘం పదేళ్ళు శ్రమించి 1961లో నివేదిక ఇచ్చింది. ఏ గొట్టం నుంచి ఎంత ఆక్సిజన్ అవసరం నదిపై పడుతున్నదో లెక్కకట్టారు. భారంలో అత్యధిక భాగం కొద్దిపాటి శుద్ధి కేంద్రాలదేనని తేలింది. క్రాస్‌నెస్‌లో 1964లో కొత్త శుద్ధి కేంద్రం వచ్చింది. బెక్టన్ విస్తరణ 1970ల నడుమకు పూర్తయింది. మెత్తగా విచ్ఛిన్నమయ్యే డిటర్జెంట్లు 1960ల మధ్యలో వచ్చాయి. 1974 నవంబరులో వెస్ట్ థరాక్ విద్యుత్కేంద్రపు నీటి జల్లెడలో ఒక సాల్మన్ చేప చిక్కింది. 1833 తరువాత ఆ నదిలో సాల్మన్ నమోదు కావడం అదే మొదటిసారి. నేటికి ఆటుపోట్ల థేమ్స్‌లో నూటికి పైగా చేపజాతులు నమోదయ్యాయి.

కథ అంతటితో పూర్తికాలేదు. వాననీరూ మురుగూ ఒకే కాలువలో పారే పాత ఏర్పాటు వల్ల కొద్దిపాటి వానకే మురుగు పొంగి నదిలో పడేది. సాధారణ సంవత్సరంలో ఈ పొంగు దాదాపు నాలుగు కోట్ల టన్నులుగా అంచనా. చేపలు చావకుండా నీటిలోకి ఆక్సిజన్ ఊదే పడవలను కూడా నడుపవలసి వచ్చింది. నది అడుగున 25 కిలోమీటర్ల పొడవు, ఏడు మీటర్లకు పైగా వ్యాసం గల సొరంగం 2025 ఫిబ్రవరిలో పూర్తిగా అనుసంధానమైంది. బాజల్జెట్ కాలువలకూ దీనికీ మధ్య నూట అరవై ఏళ్ళు.

బాతులు చెప్పిన తికమక సాక్ష్యం

ఇక్కడ పక్షి పరిశీలకుల నోటు పుస్తకాలు ఒక హెచ్చరిక చేస్తాయి. 1960ల చివరి నుంచి 1970ల మొదటి వరకు చలికాలాల్లో వూలిచ్, బార్కింగ్ పరిసరాల నదిపై పోచార్డ్ బాతులు, షెల్డక్‌లు, డన్లిన్ ఉల్లంకులు వేలకొద్దీ వచ్చి వాలాయి. అంతకు పదేళ్ళ ముందు అదే నీటిపై బాతు కనిపించడమే అరుదు. జెఫరీ హారిసన్, పీటర్ గ్రాంట్ అనే ఇద్దరు పక్షిశాస్త్రజ్ఞులు ఈ మార్పుపై 1976లో పుస్తకమే ప్రచురించారు. నది శుభ్రపడింది కనుక పక్షులు వచ్చాయని అందరూ సంతోషించారు. అది నిజమే, కాని సగం నిజం.

ఆ బాతులు తిన్నది చాలావరకు ట్యూబిఫెక్స్ ఎర్రపురుగులను. అలంకార చేపల తొట్టెలు పెంచేవారికి ఈ పురుగు తెలుసు. ఆక్సిజన్ పూర్తిగా లేని బురదలో అది కూడా బతకదు. ఆక్సిజన్ కొద్దిగా తిరిగివచ్చి, కుళ్ళే సేంద్రియ పదార్థం మాత్రం సమృద్ధిగా ఉన్న దశలో దానికి పోటీదారులు లేరు, శత్రువులైన చేపలు ఇంకా రాలేదు. బురద ఎర్రబడేంతగా పెరిగింది. తరువాత శుద్ధి మరింత మెరుగై, సేంద్రియ భారం తగ్గి, చేపలు పెరిగేసరికి పురుగు తగ్గింది, దానితోపాటు బాతుల గుంపులూ పలచబడ్డాయి. రేవులు కట్టడాలుగా మారడమూ ఇందుకు తోడ్పడింది. అంటే నది ఇంకా బాగుపడుతున్న కాలంలోనే బాతుల లెక్క తగ్గింది.

పక్షుల సంఖ్యను నీటి ఆరోగ్యానికి కొలబద్దగా తీసుకునే నివేదికలు మనవద్దా పెరుగుతున్నాయి. మూసీ దిగువన మురుగు కలిసిన నీటిలో కొంగలు, కాళ్ళు పొడుగు పిట్టలు గుంపులుగా వాలిన ఛాయాచిత్రాన్ని చూసి నది కోలుకుంటున్నదని రాసేవారికి థేమ్స్ బాతులు గుర్తుకు రావాలి. గుంపు పెద్దదైతే మేత సమృద్ధిగా ఉన్నదని మాత్రమే అర్థం. ఎన్ని జాతులు ఉన్నాయి, వాటిలో చేపను తినేవి ఎన్ని, అక్కడ గుడ్లు పెట్టి పిల్లలను లేపుతున్నవి ఎన్ని అన్న ప్రశ్నలకు జవాబు దొరికితే గాని నది సంగతి తెలియదు. లకుముకి పిట్ట ఒక్కటి గట్టులోని కన్నంలో పిల్లలను పెంచుతూ కనిపిస్తే, వెయ్యి బాతుల గుంపు చెప్పలేనిది అది చెబుతుంది: నీటిలో చిన్న చేప ఉన్నది, దానిని చూడగలిగేంత తేట ఉన్నది, గట్టును ఎవరూ సిమెంటుతో కప్పలేదు.

గోధుమ చేలో మౌనం

లీ ముఖద్వారం నుంచి నది వెంట ఇంకా తూర్పుకు పోతే రెయిన్‌హామ్ చిత్తడి నేలలు వస్తాయి. దాదాపు వందేళ్ళు సైన్యం తుపాకి గురి నేర్చుకునేందుకు వాడుకున్న ఆ నేలను పక్షి సంరక్షణ సంస్థ అయిన ఆర్‌ఎస్‌పీబీ 2000లో కొని, 2006లో సందర్శకులకు తెరిచింది. ఏప్రిల్‌లో అక్కడ తురాయి గల లాప్‌వింగ్ పక్షులు, అంటే మన తీతువు వంశానివే, గాలిలో పల్టీలు కొడుతూ జతకోసం ఆడతాయి. వాటి గుడ్లను నక్కల నుంచి కాపాడడానికి మైదానాల చుట్టూ విద్యుత్ కంచె వేశారు. పాత పచ్చికపై భరతపక్షి నిలువునా ఆకాశంలోకి లేచి, చుక్కంత అయి, నిమిషాల తరబడి ఆగకుండా పాడుతుంది. ఇంగ్లీషువారి స్కైలార్క్ ఇదే; మన చేలలో పాడే చిన్న భరతపక్షి దీని తోబుట్టువు వంటిది.

రక్షణ స్థలం దాటి ఎసెక్స్ గోధుమ చేలలో అడుగుపెట్టినవారికి ఏప్రిల్‌లో ఈ పాట ఇంకా వినిపిస్తుంది. మే చివరికి చాలా చేలలో ఆగిపోతుంది. బ్రిటన్‌లో భరతపక్షుల సంఖ్య 1970ల నుంచి 1990ల మధ్య సగానికి పైగా పడిపోయింది. పొలాలపై ఆధారపడిన పక్షులన్నింటినీ కలిపి లెక్కకట్టే సూచిక కూడా 1970 నాటితో పోలిస్తే నేడు సగానికి కిందనే ఉన్నది. బూడిదరంగు కౌజు అయితే పదోవంతు కూడా మిగలలేదు.

భరతపక్షిని తరిమినది తుపాకి కాదు, పురుగుమందు ఒక్కటే కూడా కాదు. విత్తే కాలం మారడం. పూర్వం అక్కడి రైతులు విస్తారంగా మార్చి ప్రాంతంలో బార్లీ విత్తేవారు. కోసిన పంట కొయ్యకాళ్ళు చలికాలమంతా దున్నకుండా నిలిచేవి. రాలిన గింజ, కలుపు గింజ పక్షులకు దొరికేది. ఏప్రిల్, మే నెలల్లో పైరు పొట్టిగా, పలచగా ఉండేది. భరతపక్షి నేలమీద, జానెడు నుంచి మూరెడు ఎత్తు పైరులో గూడు కడుతుంది. సంఖ్య నిలవాలంటే ఒక వేసవిలో రెండు మూడు ఈతలు పిల్లలను లేపాలి. శీతాకాలపు గోధుమకు మంచి రకాలు, నత్రజని ఎరువు, గడ్డిమందులు తోడయ్యాక రైతు సెప్టెంబరు, అక్టోబరులోనే విత్తడం మొదలుపెట్టాడు. 1970లో హెక్టారుకు సుమారు 4 టన్నులున్న గోధుమ దిగుబడి నేడు 8 టన్నుల ప్రాంతంలో ఉన్నది. ఇందులో రైతును తప్పుపట్టవలసినది ఏదీ లేదు. కాని కొయ్యకాళ్ళు శరదృతువులోనే మాయమయ్యాయి. మే నెల వచ్చేసరికి పైరు ఎత్తుగా ఎదిగి గాలి చొరకుండా అల్లుకుంటుంది. మొదటి ఈత తరువాత రెండవ గూటికి చోటుండదు. మిగిలిన ఖాళీ మందు చల్లే ట్రాక్టరు చక్రాల దారులే. అక్కడ గూడు కడితే నక్క నడిచే బాట పక్కనే కట్టినట్లు.

నదికీ పొలానికీ తేడా ఇక్కడ స్పష్టమవుతుంది. నదిలోని విషానికి గొట్టం ఉన్నది, గొట్టానికి చిరునామా ఉన్నది, దానిని మూయించే అధికారం ఒకరికి ఉన్నది. పొలం నుంచి వెళ్ళిపోయిన పక్షికి అటువంటి గొట్టం లేదు. వేలమంది రైతులు ఒక్కొక్కరూ తమ మటుకు సరైన నిర్ణయమే తీసుకున్నారు.

నత్రజని సంగతీ అంతే. థేమ్స్ నీటిలో నైట్రేటును 1868 నుంచి కొలుస్తున్నారు. అంత పొడవైన రికార్డు ప్రపంచంలో ఇతర నదులకు అరుదు. ఆ గీత రెండుసార్లు మెట్టులా పైకి లేచింది: రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఆహారంకోసం పాత పచ్చికబయళ్ళను దున్నినప్పుడు ఒకసారి, 1970 ప్రాంతంలో మరొకసారి. మురుగు శుద్ధి ఘనవిజయం సాధించిన సంవత్సరాల్లోనే నైట్రేటు పెరిగిందన్నది గమనార్హం. తరువాత ఎరువులపై ఆంక్షలు వచ్చినా గీత తగినంతగా దిగలేదు. ఆ పరీవాహక ప్రాంతం అడుగున సుద్దరాయి ఉన్నది; అందులో నీరు కిందికి దిగే వేగం ఏడాదికి సుమారు ఒక మీటరు. నేడు ఊటగా పైకి వచ్చే నైట్రేటులో కొంత, తాతల కాలంలో దున్నిన పచ్చికది.

ఒక సెంటు నేల

పరిష్కారం దొరకలేదని కాదు. గోధుమ విత్తేటప్పుడు గొర్రును కొద్ది క్షణాలు పైకెత్తి, 16 నుంచి 24 చదరపు మీటర్ల మేర విత్తనం పడకుండా విడిచిపెట్టడం, హెక్టారుకు అటువంటివి రెండు. మన లెక్కలో హెక్టారుకు సుమారు ఒక సెంటు నేల. మొత్తంలో అర శాతానికి మించదు. తరువాత ఆ ఖాళీలకు ప్రత్యేకించి చేయవలసిన పని ఏదీ లేదు. ఆ ఖాళీలో భరతపక్షి గూడు కట్టదు; అందులో దిగి మేత వెతుక్కుంటుంది, గూడు చుట్టూ ఉన్న పైరులో ఉంటుంది. క్షేత్రప్రయోగాల్లో ఈ ఖాళీలున్న చేలలో లేచిన పిల్లల సంఖ్య గుర్తించదగినంతగా పెరిగింది. ఆర్‌ఎస్‌పీబీ కేంబ్రిడ్జ్‌షైర్‌లో కొని మామూలు రైతుల వలెనే గోధుమ పండించిన సుమారు 180 హెక్టార్ల హోప్ ఫార్మ్‌లో, 2000లో 10 జంటలుగా ఉన్న భరతపక్షులు పదేళ్ళు దాటేసరికి నాలుగింతలయ్యాయి. గోధుమ దిగుబడి చుట్టుపక్కల చేలకు తీసిపోలేదు.

అయినప్పటికీ ఇంగ్లండు ప్రభుత్వం 2005 నుంచి అమలుచేసిన పర్యావరణ ప్రోత్సాహక పథకంలో ఈ ఖాళీలను ఎంచుకున్న రైతులు చాలా తక్కువమంది. పథకంలో ఎన్నో ఐచ్ఛికాలుండగా ఎక్కువమంది కంచెచెట్ల నిర్వహణ వంటి వాటివైపు మొగ్గారు. వాటిలో చేను మధ్యకు పోవలసిన పని లేదు, అప్పటికే చేస్తున్నదానికే మార్కులు వచ్చేవి. నున్నగా, సమంగా మొలిచిన చేను మధ్య బట్టతల వంటి మచ్చలు, వాటిలో కలుపు, అది చూసే పొరుగు రైతు మాట, ఇవి ఏ ప్రయోగ పట్టికలోనూ నమోదు కావు. విస్తరణ శాస్త్రవేత్తలకు ఇది కొత్త సంగతి కాదు. ఖర్చులేని, నిరూపితమైన సాంకేతికత రైతు చేనుకు చేరకపోవడానికి ఆ చేను ఎలా కనబడాలని అతడు కోరుకుంటున్నాడన్నది కూడా ఒక కారణమని ఎరువుల మోతాదు విషయంలో వారు చూస్తూనే ఉన్నారు. ముదురాకుపచ్చ లేని పైరును రైతుకు నచ్చజెప్పడం ఎంత కష్టమో వారికి తెలియనిది కాదు.

తెలుగు నేలపై ఇటువంటి ప్రశ్నకు దగ్గరగా ఉన్నది తీతువు. పంటలేని బీడుల్లో, రాళ్ళనేలల్లో, కోసిన చేలలో, గూడు అనదగినదేదీ కట్టకుండా, నాలుగు గులకరాళ్ళ మధ్య నాలుగు మచ్చల గుడ్లు పెట్టే పక్షి ఇది. గుడ్లు పెట్టే కాలం మార్చి నుంచి వర్షాకాలం దాకా సాగుతుంది. యాసంగి వరి కోతలు యంత్రాలతో ఏప్రిల్, మే నెలల్లో జరిగి, కొయ్యకాళ్ళకు నిప్పు పెట్టేది, వేసవి దుక్కులు దున్నేది కూడా ఆ రోజుల్లోనే. గట్టుపై నడిచేవారి నెత్తిన తిరుగుతూ కేకలు వేస్తూ తల్లి తీతువు తన గుడ్లున్న చోటికి దూరంగా మళ్ళించే ప్రయత్నం చేస్తుంది. ఆ కేకలను రాత్రివేళ అపశకునంగా లెక్కించే ఊళ్ళలో గూటిని వెతికేవారు ఉండరు. నెదర్లాండ్స్‌లో పచ్చికకోతకు ముందు స్థానికులు లాప్‌వింగ్ గూళ్ళను వెతికి, ఇరువైపులా కర్రలు పాతి, ట్రాక్టరు నడిపేవారికి చూపించే అలవాటు ఏళ్ళుగా ఉన్నది.

కళాశాల క్షేత్రంలో ఈ పని మొదలుపెట్టదలచిన విద్యార్థులకు కావలసినది ఒక నోటు పుస్తకం, కొన్ని కర్రలు, మార్చి నుంచి మే దాకా వారానికి రెండు ఉదయాలు. తీతువు గుడ్లు పొదగడానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది. పిల్లలు పుట్టిన రోజునే గూడు విడిచి తల్లి వెంట నడుస్తాయి. కోతకూ నిప్పు పెట్టడానికీ మధ్య, నిప్పుకూ మొదటి దుక్కికీ మధ్య ఎన్ని రోజుల ఎడం ఉంటుందో ఆ ఊరి రైతును అడిగి రాసుకోవలసి ఉంటుంది.